మ్యాజిక్ యాంగిల్ గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లను జత కట్టించేది ఏది?

కార్బన్‌పొర:
ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ రేకులు రెండు తీసుకుని, ఒకదాన్ని 1.1 డిగ్రీలు తిప్పి రెండోదాని మీద పేర్చి చల్లబరిస్తే, 1.7 కెల్విన్ దగ్గర విద్యుత్ నిరోధం సున్నా అయిపోతుంది, అంటే ఎలక్ట్రాన్లు జతలు కట్టి అది సూపర్‌కండక్టర్ అయిపోతుంది. 2018లో ఎంఐటీలో పాబ్లో హరియో-హెరెరో బృందం చూపించింది ఇదే. ఆ కోణం (మ్యాజిక్ యాంగిల్) దగ్గర ఎలక్ట్రాన్ల వేగం బాగా పడిపోతుంది. వాటి కదలికలో ఉన్న శక్తి కన్నా ఒకదాన్నొకటి తోసుకునే శక్తే ఎక్కువైపోతుంది. అందుకే అంటున్నాను, పాత సూపర్‌కండక్టర్లలోలా ఇక్కడ జత కట్టించేది స్ఫటికం కంపనాలు (ఫోనాన్లు) కాదు, ఆ తోపులాటే. 2021లో ప్రిన్స్‌టన్ టన్నెలింగ్ కొలతల్లో (సన్నని సూది మొన నుంచి ఎలక్ట్రాన్లను పంపి చూసేవి) గ్యాప్, అంటే జతను విడగొట్టడానికి కావలసిన శక్తి, గ్రాఫ్‌లో ‘వి’ ఆకారంలో కనబడింది. మామూలు ఫోనాన్ల జత అయితే దాని అడుగు చదునుగా ఉండాలి.

కొలతలమాస్టారు:
తొందరపడకండి కార్బన్‌పొర గారూ. అదే 2021లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు దగ్గర్లోనే ఇంకో గ్రాఫీన్ పొర పెట్టి ఆ తోపులాటను తగ్గించి చూశారు. మీ లెక్కన సూపర్‌కండక్టివిటీ నీరసించాలి. కానీ బలపడింది! 2024లో ఫోటోఎమిషన్ కొలతల్లో (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తన్ని చూసేవి) సూపర్‌కండక్ట్ చేసే శాంపిళ్లలో ఫోనాన్ల జాడ స్పష్టంగా కనబడింది. గ్రాఫీన్‌కి ఆసరాగా పెట్టే బోరాన్ నైట్రైడ్ స్ఫటికంతో పరమాణువుల వరస కలిసి సూపర్‌కండక్టివిటీ పోయిన శాంపిళ్లలో అది లేదు. దీన్నెలా పక్కన పెడతారు?

రాత్రిల్యాబ్:
మాస్టారూ, నేను ఈ శాంపిళ్లే చేస్తుంటాను. బోరాన్ నైట్రైడ్‌తో ఒకే రేకులో సగం చింపి పైకి లేపి, స్టేజిని కాస్త తిప్పి, మిగతా సగం మీద మెల్లగా దింపుతాం. కొంచెం వేడి తగిలితే చాలు, రేకులు మళ్లీ సున్నా డిగ్రీలకు జారిపోవాలని చూస్తాయి. మొన్న ఒకే శాంపిల్‌లో ఒక మూల 1.06 డిగ్రీలు, నాలుగు మైక్రాన్ల అవతల 1.14. ఒక జత కాంటాక్టుల మధ్య నిరోధం సున్నా, పక్క జత మధ్య ఏమీ లేదు. మూడు వారాల పని, ఏడుపొచ్చింది. మీరిద్దరూ చూపిస్తున్నవి వేర్వేరు చోట్ల చేసిన వేర్వేరు శాంపిళ్లు. గ్యాప్ ఆకారమూ, తోపులాట తగ్గిస్తే వచ్చే మార్పూ ఒకే శాంపిల్‌లో కొలిస్తే గానీ నేను ఏ పక్షమూ తీసుకోలేను.

కార్బన్‌పొర:
ఒప్పుకుంటానండీ, ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే కోణం గొడవే లేని చోటుకి వెళ్దాం. మెట్లు మెట్లుగా పేరిన మూడు పొరల గ్రాఫీన్‌లో, ఏమీ తిప్పకుండానే, 2021లో సూపర్‌కండక్టివిటీ దొరికింది, 0.1 కెల్విన్ దగ్గర. మాస్టారూ, అక్కడ ఫోనాన్లతో మీ లెక్క ఎలా కుదురుతుందో చెప్పండి. కుదిరితే నా మాట వెనక్కి తీసుకుంటాను.