పాత వ్యాక్యూమ్ క్లీనర్ పైపు మూతి పగలకుండా ఊడదీయడం ఎలా?

మాది చక్రాల మీద లాక్కెళ్లే పాత రకం వ్యాక్యూమ్ క్లీనర్. మోటార్ భేషుగ్గా ఉంది. పైపే, మెషీన్‌లో బిగించే ప్లాస్టిక్ మూతికి వేలెడు దూరంలో చీలింది. ఇన్సులేషన్ టేపు చుడితే, పైపు వంగినప్పుడల్లా ఊడిపోయి చీలికలోంచి గాలి లాగేస్తోంది. ఆ మోడల్ పైపు ఇప్పుడు రావట్లేదట.

బజార్లో 32 మిల్లీమీటర్ల మామూలు పైపు దొరికింది, కొలత సరిపోయింది. చిక్కల్లా పాత మూతితోనే. మెషీన్‌లోంచి తేలిగ్గానే వస్తోంది కానీ, అందులో ఇరుక్కున్న పైపు ముక్క కదలట్లేదు. వేడినీళ్లలో నానబెట్టాను, రెండు వైపులా తిప్పాను. లోపల మరలాంటి గీతలున్నాయి, జిగురు జాడ లేదు. ఇంకా బలంగా తిప్పితే మూతి పగులుతుందని టెన్షన్. అది పోతే మెషీన్ పాత సామాన్లవాడికే.

ఇలాంటి మూతిలోంచి పైపు తీసినవాళ్లెవరైనా ఉంటే, ఎటువైపు తిప్పి, ఎలా తీశారో చెప్తారా?