అమ్మమ్మ వైపు ‘ఎం2’ అని వచ్చింది, అంటే ఏంటి?

ప్రశ్న:
మాది ఖమ్మం. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి కుంకుమ భరిణె మూత లోపల వాళ్ళమ్మ పేరు గీసి ఉంది. అంతకు ముందు వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తు లేవు, అదే నా బాధ. డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తల్లి వైపు ‘ఎం2’ అని వచ్చింది. మా వాళ్ళు ఎక్కడి నుంచో వలస వచ్చారనా?

జవాబు 1:
లేదండీ. ఎం2 అంటే తల్లుల వైపు వంశవృక్షంలో ఈ ఉపఖండంలోనే పుట్టిన చాలా పాత కొమ్మ. దానికి పైనున్న ‘ఎం’ అనే పెద్ద కొమ్మ మూలం ఆఫ్రికాలోని ‘ఎల్3’ అనే ఇంకా పాత కొమ్మ. మన దేశంలో సగం మందికి పైగా ఎం వాళ్ళే. ఎం2 దక్షిణాదిలో ఎక్కువ. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో చెంచుల్లో, కోయల్లో కూడా కనిపించింది.

అడిగినవారు:
అయితే చెంచులు మాకు చుట్టాలేనా? వింటుంటే ఒళ్ళు జలదరిస్తోంది!

జవాబు 2:
చుట్టాలే అమ్మా, వేల ఏళ్ళ నాటి చుట్టరికం. కానీ దాన్నిబట్టి కులం, తెగ చెప్పలేం. ఇది తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ, మొత్తం 16,569 రసాయన అక్షరాలు. ఎప్పుడో ఒక అక్షరం మారితే ఆ మార్పు కూతుళ్ళ వెంట నడుస్తుంది. మీ నాన్నమ్మ సంగతి ఇందులో ఒక్క ముక్క ఉండదు. మీ అన్నయ్య పిల్లలకు ఇది రాదు, చెల్లెలి పిల్లలకు వస్తుంది.

అడిగినవారు:
చెల్లికి కూతురుంది. భరిణె దానికే ఇస్తాను.