జూమ్‌లో కనిపించే మనిషి మిన్యాన్ లెక్కలోకి వస్తాడా?

గ్రంథపురుగు:
ముందు ప్రశ్న ఏమిటో చెప్పుకుందాం. యూదుల సామూహిక ప్రార్థనకు కనీసం 10 మంది పెద్దవాళ్లు కావాలి. ఆ గుంపునే మిన్యాన్ అంటారు. పాత ధర్మాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ సంఘాల్లో 13 ఏళ్లు నిండిన మగవాళ్లనే లెక్కపెడతారు. పదిమంది కాకపోతే కద్దీష్ (దేవుణ్ణి స్తుతించే ప్రార్థన, పోయినవాళ్ల కోసమూ చెబుతారు) లేదు, బరెఖూ లేదు, కెదుషా లేదు, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) రాతప్రతి చుట్ట విప్పి చదవడం లేదు. షెమా చదువుకోవచ్చు, అమీదా ఎవరికి వారు లోగొంతుకతో చెప్పుకోవచ్చు. తల్లో తండ్రో పోయినవాళ్లు 11 నెలలు రోజూ కద్దీష్ చెప్పడం ఆచారం కాబట్టి చిక్కంతా వాళ్లకే. చిన్న ఊళ్లో సాయంత్రం ఏడుగురే వస్తారు. మిగతా ముగ్గురూ తెర మీద ఉంటే సరిపోతుందా?

చాలదనే నేనంటాను. యూదుల ధర్మశాస్త్ర సంగ్రహం షుల్హాన్ అరూఖ్‌లో, ఒరఖ్ హయ్యీం అనే భాగం 55:13 (55వ అధ్యాయం, 13వ నియమం) చూడండి: పదిమందీ ఒకే చోట ఉండాలి, ప్రార్థన నడిపేవాడూ వాళ్లతోపాటే ఉండాలి. అదే అధ్యాయంలో 55:20: పదిమంది ఒకచోట కూడి కద్దీష్ చెబుతుంటే అక్కడ లేనివాడు కూడా జవాబు చెప్పవచ్చు. అంటే దూరాన ఉన్నవాడు గొంతు కలపవచ్చు, సంఖ్యలో మాత్రం చేరడు. ఇంత తేటగా ఉన్నప్పుడు గొడవెందుకో నాకర్థం కాదు.

తర్కం:
గ్రంథపురుగు గారూ, 13 నుంచి 20కి ఒక్క గెంతు గెంతారు, మధ్యలో 14 ఉంది కదండీ! ప్రార్థనామందిరం వెనక నిలబడ్డవాడు కిటికీలోంచి ముఖం చూపిస్తే, ఆ కిటికీ ఎన్ని అంతస్తుల ఎత్తున ఉన్నా సరే, వాడు పదిమందిలో చేరతాడని అందులోనే ఉంది. గోడ అడ్డున్నా లెక్కలోకి తీసుకున్నారంటే పట్టించుకున్నది ముఖం కనబడటాన్నే. జూమ్‌లో ముఖం కనిపిస్తోంది, మాట వినిపిస్తోంది. ఇక లోటేమిటి?

గ్రంథపురుగు:
14 మరిచిపోలేదు. కిటికీలో కనిపించేది మనిషి ముఖం, తెర మీద కనిపించేది దాని బొమ్మ. ఈ తేడా వద్దనుకుంటే 195వ అధ్యాయం చూడండి. భోజనం తర్వాత కలిసి చెప్పే దీవెన గురించి అది. రెండిళ్లలో తింటున్న రెండు గుంపులు, కొందరు కొందరికి కనిపిస్తుంటే ఒకటిగా చేరవచ్చు. కానీ ఆ ఇళ్ల మధ్య నలుగురూ నడిచే బాట ఉంటే చేరడానికి వీల్లేదనే అభిప్రాయమూ అందులోనే ఉంది. ఒక్క వీధి అడ్డొస్తేనే ఒప్పుకోనివాళ్లు, మధ్యలో సముద్రం ఉంటే ఒప్పుకుంటారా?

2020 వసంతంలో ఇజ్రాయెల్‌లో మందిరాలు మూసినప్పుడు ఆర్థడాక్స్ వాళ్లు బాల్కనీల్లో నిలబడి ప్రార్థించారు. ఒకరికొకరు కళ్లతో కనిపించేలా నిలబడాలన్న షరతు ఈ అధ్యాయాల్లోంచి తీసిందే. పక్క వీధివాడిని ఫోన్‌లో చూపించి పదోవాణ్ణి చేసుకోలేదు.

వేణి_హైదరాబాద్:
మీరిద్దరూ ఆర్థడాక్స్ పుస్తకాల్లోనే తిరుగుతున్నారు. పాత ధర్మాన్ని ఉంచుకుంటూనే కొంత మార్పు ఒప్పుకునే కన్సర్వేటివ్ శాఖలో ఇది ఎప్పుడో చర్చకు వచ్చింది. రబ్బీ (యూదు మతగురువు) ఆవ్రం రైస్నర్ రాసిన తీర్పును వాళ్ల ధర్మశాస్త్ర సమితి 2001లో ఆమోదించింది. దాని సారం దాదాపు గ్రంథపురుగు గారి మాటే: పదిమంది ఒకచోట ఉంటేనే మిన్యాన్, దూరాన ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో కలిసి జవాబులు చెప్పవచ్చు. కరోనా వచ్చాక 2020 మార్చి 17న అదే సమితి అధ్యక్షులు అత్యవసర సడలింపు ఇచ్చారు. ఒకరికొకరు కనిపిస్తూ వినిపిస్తూ ఉండే పదిమందిని ఆన్‌లైన్‌లోనే మిన్యాన్‌గా లెక్కపెట్టాలో వద్దో స్థానిక రబ్బీ నిర్ణయించుకోవచ్చన్నారు. మార్పును ఇంకా ఎక్కువగా ఒప్పుకునే రిఫార్మ్ సంఘాల్లో పది అన్న పట్టుదలే తక్కువ. అత్యవసరానికిచ్చిన మినహాయింపు అలవాటైపోవచ్చా అన్నది కన్సర్వేటివ్ సంఘాలకు వచ్చిన తలనొప్పి.

ఇంకొకటి. కన్సర్వేటివ్ సమితి 1973లోనే స్త్రీలను లెక్కపెట్టడానికి అనుమతిచ్చింది. మందిరంలో మగవాళ్లకూ స్త్రీలకూ మధ్య కట్టే అడ్డుతెర అవతల స్త్రీలు అయిదుగురు కూర్చుని ఉండగా, ‘మూడు తక్కువయ్యాయి, లాప్‌టాప్ తెరవండి’ అనడం నాకు వింతగా తోస్తుంది. ఆ మెట్టు ఎక్కడం ఇష్టం లేనివాళ్లు జూమ్ మెట్టు ఎక్కుతామంటే ఎలా నమ్మాలి?

కొచ్చి_దారి:
స్త్రీలను లెక్కపెట్టినా తీరని చోట్లున్నాయి. కొచ్చి మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) 1568లో కట్టింది. 1950ల నుంచి కుటుంబాలు ఇజ్రాయెల్‌కు తరలిపోయాయి. ఇప్పుడు అక్కడ పదిమంది కూడాలంటే పర్యాటకుల్లో యూదులెవరైనా దొరకాలి. అలాంటి చోట జూమ్ ఒప్పుకున్నంత మాత్రాన ఏం ఒరుగుతుంది? వేళలే కలవవు. కొచ్చిలో మా’అరీవ్ చెప్పే రాత్రివేళకు న్యూయార్క్‌లో ఇంకా ఉదయం. వాళ్లప్పుడు చెప్పేది షహరీత్. పదిమంది కలిసి ఏ ప్రార్థన చెప్పాలి?

మనకు దగ్గరి సంగతి కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే, యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ వాళ్లున్నారు. అక్కడ పదిమంది దొరకడం కష్టం కాదు. వాళ్లను యూదులుగా బయటివాళ్లు ఒప్పుకోవడం కష్టం. అలాగే యూదులమని చెప్పుకునే మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ గుర్తించారు, మతస్వీకార ప్రక్రియ పూర్తిచేయాలన్న షరతుతో. బెనె ఎఫ్రాయిమ్ వాళ్లకు అలాంటి గుర్తింపు రాలేదు. కనుక ‘ఎక్కడ కూర్చున్నారు’ కన్నా ‘ఎవరు’ అన్నదే ముందు తేలాల్సిన ప్రశ్న.

తర్కం:
ఎవరన్నది వేరే చర్చ, ఇందులో కలపొద్దు. వేళల సంగతి ఒప్పుకుంటాను. ఒకే దేశంలో, ఒకే వేళలో ఉన్నవాళ్ల గురించే నేను మాట్లాడేది. మంచం దిగలేని ముసలాయన ఉన్నాడు, భార్య పోయింది. ఆయనకు 55:20 చూపించి ‘నువ్వు ఆమేన్ అను, చాలు’ అంటారా? అలెగ్జాండ్రియాలోని మహామందిరం గురించి తాల్ముద్‌ (యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం) సుక్కా భాగం 51బి పుటలో ఉంది: అది ఎంత పెద్దదంటే చివర ఉన్నవాళ్లకు మాట వినిపించేది కాదు, జెండా ఊపితే అప్పుడు ఆమేన్ అనేవాళ్లు. వినిపించకపోయినా వాళ్లు ప్రార్థనలో ఉన్నట్టే కదా!

గ్రంథపురుగు:
ఉన్నట్టే, ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి. మీ ఉదాహరణ ఆమేన్‌కు పనికొస్తుంది, సంఖ్యకు పనికిరాదు.

ముసలాయన మాట కొట్టిపారేయను. ఆయన కోసమైనా మిగతావాళ్లు ఇల్లు కదలాలనే నా వాదన. పది నిండకపోతే ఆయన కద్దీష్ ఆగిపోతుందని తెలిస్తేనే ఎనిమిదోవాడు, తొమ్మిదోవాడు చెప్పులు తొడుక్కుంటారు. తెర చాలంటే ఆ ఏడుగురు కూడా వచ్చే నెలకి నలుగురవుతారు. వీడియో కాల్‌లో అక్షింతలు వేసినట్టుంటుంది వ్యవహారం.

వేణి_హైదరాబాద్:
రైస్నర్ తీర్పు పద్ధతిలో ముసలాయనకూ దారి ఉంది. మందిరంలో పదిమంది ఉండి, వాళ్లలో ఒకరు కద్దీష్ చెబుతుంటే, ఆయన ఇంట్లోంచి వాళ్లతోపాటు చెప్పుకోవచ్చు. కానీ ఏర్పాటు సరిగా లేక చాలాచోట్ల రసాభాస అవుతోంది.

అందరి మైకులూ తెరిచి ఉంచడం మొదటి తప్పు. శబ్దం అరక్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, కద్దీష్‌కు గుండెకాయ లాంటి ‘యెహే ష్మే రబ్బా’ జవాబు తలా ఒక వేళలో చెదిరిపోయి వస్తుంది. చెప్పేవాడు తడబడి ఆగిపోతాడు. మందిరంలో నడిపేవాడి మైకు ఒక్కటే తెరవండి, ఇళ్లలో ఉన్నవాళ్లు మ్యూట్‌లోనే గట్టిగా జవాబు చెప్పుకోవాలి. ఏ దీవెనకో తెలియకుండా అన్నదీ, బాగా ఆలస్యంగా అన్నదీ ‘అనాథ ఆమేన్’ అని నిషేధించారు. అందుకే ప్రార్థన పుస్తకం పేజీ సంఖ్య తెర మీద కనిపించేలా పెట్టాలి, వెనకబడ్డవాళ్లు అందుకుంటారు.

తోరా విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చుట్ట ఉన్నచోట పదిమంది లేనప్పుడు అచ్చు పుస్తకంలోంచి చదవండి, ముందూ వెనకా చెప్పే దీవెనలు వదిలేయండి. చదువు ఆగదు, దీవెన వృథా కాదు.

తర్కం:
షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా పాటించే విశ్రాంతి దినం) సంగతో? చాలామంది అడిగేది అదే.

వేణి_హైదరాబాద్:
ఆర్థడాక్స్‌లో అసలు కుదరదు. కన్సర్వేటివ్‌లో రబ్బీ జాషువా హెల్లర్ 2020 మేలో దీని మీద తీర్పు రాశారు. ఆ రోజు ఎవరూ పరికరం ముట్టుకోనవసరం లేకుండా చూడడమే అసలు పని. శుక్రవారం దీపాలు వెలిగించకముందే, అంటే మామూలుగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే, కెమెరా, మైకు, కాల్ అన్నీ మొదలైపోవాలి. వెయిటింగ్ రూమ్ తీసేయండి, లేకపోతే వచ్చిన ప్రతివాళ్లనీ ఎవరో ఒకరు నొక్కి లోపలికి పంపాలి. చాట్ మూసేయండి, లేకపోతే ఎవరో ఒకరు టైపు చేస్తారు. కంప్యూటర్ నిద్రపోయే సెట్టింగ్, దానంతటది అప్‌డేట్ అయ్యేదీ ఆపేయండి. ఉచిత ఖాతా అయితే 40 నిమిషాలకు కాల్ తెగిపోతుంది, మళ్లీ కలపడానికి ఎవరి చెయ్యీ లేవదు. కనుక డబ్బు కట్టే ఖాతా తీసుకుని, గురువారం రాత్రే ఒకసారి గంటసేపు నడిపి చూసుకోండి.

కొచ్చి_దారి:
లైన్ తెగితే తెగినట్టు వదిలేయాలని కూడా ముందే చెప్పి ఉంచండి. లేకపోతే షబ్బాత్ మధ్యలో మందిరం ఫోన్ మోగుతూనే ఉంటుంది.