జన్యువుకు ‘ముందు’ అనాలా, ‘ఎగువ’ అనాలా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఈస్టు జన్యువుల పాఠం తెలుగులో రాస్తున్నాను. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ నకలు కావడాన్ని అనులేఖనం అంటున్నాం, దానితో పేచీ లేదు. ఆ నకలు ఎంత జోరుగా సాగాలో తేల్చే భాగం జన్యువుకు ‘ముందు’ ఉంటుందని రాస్తే, పాఠం దిద్దినవారు ‘ఎగువన’ అని మార్చారు. ఏది మేలు?

తెలుగు అధ్యాపకుడు: ‘ముందు’తో చిక్కుంది. ‘ముందు వచ్చినవాడు’ అంటే అప్పటికే వచ్చేసినవాడు. ‘ముందున్న రోజులు’ ఇంకా రానివి. ఆర్ఎన్ఏను తయారుచేసే ఎంజైము డీఎన్ఏ వెంట నడిచేదే కదా! దానికి ముందున్నది అంటే జన్యువు అవతలి కొస అనుకోవచ్చు. ‘ఎగువ’కు ఆ అనుమానం లేదు.

జీవశాస్త్ర అధ్యాపకురాలు: నాదీ ఎగువ పక్షమే, కారణం వేరు. గెలాక్టోజ్ అనే చక్కెరను వాడుకునే జన్యువులనే చూడండి. డీఎన్ఏ అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల వరుస. వాటి అనులేఖనాన్ని పెంచే గాల్4 అనే ప్రోటీను అందులో 17 అక్షరాల చోట్లను పట్టుకుంటుంది: మొదట సీజీజీ, చివర సీసీజీ, నడుమ 11 అక్షరాలు ఏవైనా సరే. ఈ చోట్లున్న ముక్కను తిరగేసి అతికించినా పనిచేస్తుంది. జన్యువు మొదలయ్యే చోటుకు దిగువన పెడితే మాత్రం పనిచేయదు. ఇది 1984లోనే తేలింది. జంతుకణాల్లో ఇలాంటి క్రమాలు దిగువ నుంచి కూడా పనిచేయగలవు. కాబట్టి ఈస్టు విషయంలో ‘ఎగువ’ ఉత్త చిరునామా కాదు, నియమం.

ప్రశ్న అడిగినవారు: మరి గెలాక్టోజ్ జన్యువులైన గాల్1, గాల్10ల నడుమ అలాంటి చోట్లు నాలుగున్నాయి. అవి దేనికి ఎగువ?

జీవశాస్త్ర అధ్యాపకురాలు: రెండింటికీ. ఆ జన్యువులు చెరో దిక్కుకు సాగుతాయి. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి కృష్ణ తూర్పుకు, సావిత్రి పడమరకు పోవడం లేదా? అయితే మీ పాఠంలో నాకు గుచ్చుకున్నది ఇంకొకటి. ఎగువన ఉన్నవాటన్నింటినీ ‘సంకేతాలు’ అన్నారు. ఒక పోగులో వరుసగా ఎ, ఎదుటి పోగులో వరుసగా టి ఉండే ముక్కల సంగతేమిటి? అవి బిరుసు. డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ 147 అక్షర జతల మేర చుట్టుకోవాలి. ఈ ముక్కలు అంత తేలిగ్గా వంగవు. అక్కడ చుట్ట సడలితే పక్కనున్న చోటు గాల్4 లాంటి ప్రోటీనుకు అందుతుంది. హిస్3 జన్యువు మీద 1995లో వచ్చిన పరిశోధనలో ఎ-టి వరుసకు బదులు జి-సి వరుస పెట్టినా అనులేఖనం పెరిగింది. అక్షరాలే మారిపోయినా పని జరిగితే దాన్ని సంకేతం అని ఎలా అంటాం?

తెలుగు అధ్యాపకుడు: అలాగైతే ‘ఎగువ క్రమం’ అనండి, అన్నీ ఇముడుతాయి. జన్యువుకు ఎగువన టి-ఎ-టి-ఎ అని మొదలయ్యే చిన్న వరుసను ‘టాటా పెట్టె’ అంటున్నారు కదా, దాన్ని కూడా ‘టాటా క్రమం’ చేయండి, లారీ పెట్టె గుర్తొస్తోంది.

జీవశాస్త్ర అధ్యాపకురాలు: చేయండి. కానీ అది ప్రతి జన్యువుకూ ఉంటుందని మాత్రం రాయవద్దు. ఈస్టు జన్యువుల్లో సుమారు అయిదో వంతుకే అసలైన టాటా ఉంది.