లైబ్రరీ బుక్ క్లబ్‌లో కవిత్వం మొదలుపెట్టాక ఎవరూ నోరు విప్పడం లేదు. మీరైతే ఎలా నడుపుతారు?

మూడో_అంతస్తు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా లైబ్రరీ మూడో అంతస్తులో చిన్న డిస్కషన్ రూమ్ ఉంది, అక్కడ రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం నాలుగింటికి బుక్ క్లబ్ పెట్టుకుంటాం. పోయినేడాదంతా కథలు, నవలలే చదివాం. పదమూడు పద్నాలుగు మంది వచ్చేవాళ్లు. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే గానీ లేచేవాళ్లం కాదు, మెట్లు దిగుతూ కూడా ఫలానా పాత్ర అలా ఎందుకు చేసిందని కొట్లాడుకునేవాళ్లం.

ఈ సెమిస్టర్ అందరం కలిసే కవిత్వం చదువుదాం అనుకున్నాం. మూడుసార్లు కూర్చున్నాం. మొదటిసారి నేనే ఒక కవిత జిరాక్స్ తీయించి పంచి, చదివి, "ఎలా అనిపించింది?" అని అడిగాను. "బాగుంది" అన్నారు. ఇంకొకరు "చాలా బాగుంది" అన్నారు. అంతే, ఆ తర్వాత ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి తెలుగు చదివే ఒక రీసెర్చ్ స్కాలర్‌ని పిలిచాం. ఆయన చాలా ఓపికగా యాభై నిమిషాలు కవి జీవితం, ఉద్యమం, ప్రభావాలు అన్నీ చెప్పారు, నేను రెండు పేజీల నోట్స్ రాసుకున్నాను కూడా, కానీ ఆ కవితని మాత్రం ఎవరం ఇంకోసారి చదవలేదు. మూడోసారి ఆరుగురే వచ్చారు. పైగా పక్క రీడింగ్ హాల్లో చదువుకుంటున్నవాళ్లు కంప్లైంట్ ఇచ్చారని, గట్టిగా చదవొద్దని స్టాఫ్ చెప్పారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. హాస్టల్‌లో ఉండే ఒకమ్మాయి, ఇంట్లో తెలుగే కానీ స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ హిందీ, మీటింగ్ అయ్యాక నాతో మెల్లగా అంది: "నన్ను చదవమంటారేమోనని గంటసేపూ అదే టెన్షన్, కవిత ఒక్క ముక్క వినలేదు." ఆ మాట అప్పట్నుంచి నన్ను వదలడం లేదు.

నాకు కవిత్వం అంటే ప్రాణం, క్లబ్ ఇలా ఆగిపోవడం ఇష్టం లేదు. ఎలాంటి కవితలు ఎంచుకోవాలి, మాట ఎక్కడ మొదలుపెట్టాలి, లిపి రానివాళ్లని ఎలా కలుపుకోవాలి? ఇలాంటివి నడిపినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

నల్లకుంట_టీచర్:

నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీరు "ఎలా అనిపించింది" అని అడగడంతోనే వచ్చింది చిక్కు. కవిత విన్న మరుక్షణం ఏమనిపించిందో పెద్ద పెద్ద విమర్శకులే చెప్పలేరు, పిల్లలేం చెప్తారు? ఇక "దీని అర్థం ఏంటి" అని అడిగితే పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టే. ఈ రెండు ప్రశ్నలూ వదిలేయండి. కవితని ఇద్దరు వేర్వేరు గొంతులతో రెండుసార్లు చదవనివ్వండి, మధ్యలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడకండి, తర్వాత ఒక్కటే అడగండి: ఏ మాట దగ్గర ఆగారు? ఎందుకు ఆగారో చెప్పక్కర్లేదు. ఆ మాట చెప్తే చాలు. ఒకరు చెప్పిన మాట పక్కవాళ్లకి పట్టకపోతే, "అక్కడెందుకు ఆగావు?" అని వాళ్లే అడుగుతారు, అక్కణ్ణుంచి మీరు నడపాల్సిన పనుండదు.

తెలిసిన పద్యంతోనే మొదలుపెట్టండి, కొత్తది వద్దు. వేమన ఉప్పు కప్పురం పద్యం తీసుకోండి. అందరికీ నోటికొచ్చు, అందుకే చిన్నప్పట్నుంచి ఎవరూ దాన్ని వినలేదు. అది ఆటవెలది అనే ఛందస్సు, పాదాన్ని గణాలనే చిన్న చిన్న అక్షరాల గుంపులుగా కొలుస్తారు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఈ లెక్క క్లాసులో చెప్తే నిద్రొస్తుంది. చేత్తో తాళం వేయించండి, చూడండి ఏమవుతుందో. "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్న పాదంలో సరిగ్గా అయిదు మాటలున్నాయి, అయిదు గణాలూ ఆ అయిదు మాటలే, ఒక్కో మాటకి ఒక్కో తాళం పడుతుంది. మొదటి పాదంలో అలా పడదు, కప్పురంబు అన్న మాట రెండు గణాల్లోకి విరిగిపోతుంది. అంటే ఉప్పూ కర్పూరం ఒకేలా కలిసిపోయి ఉన్నాయన్న చోట మాటలూ గణాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, తేడా తెలుస్తుందన్న చోట మాటలన్నీ విడివిడిగా నిలబడ్డాయి. వేమన ఇది లెక్కేసి చేశాడని నేననను, చెవి అలా నడిపించి ఉంటుంది. కానీ మీ పిల్లలు ఇది చేతులతో పట్టుకోగలరు, నోట్స్ అక్కర్లేకుండా.

ఇంకో సంగతి. మనం రుచి కూడా "చూస్తాం". కంటితోనూ చూస్తాం, నాలుకతోనూ చూస్తాం, మాట ఒకటే. ఆ "చూడ చూడ"లో ఏ చూపు ఉందో అడగండి, అరగంట ఇట్టే గడిచిపోతుంది.

రాంనగర్_రీడర్:

మేడమ్ చెప్పింది బాగుంది కానీ నేపథ్యాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తే ఒప్పుకోను. కొన్ని కవితలకి అది లేకపోతే అన్యాయం జరుగుతుంది. దిగంబర కవుల్నే తీసుకోండి, అరవైల్లో వచ్చిన ఆరుగురు తెలుగు కవుల బృందం అది. నేను మొదటిసారి చదివినప్పుడు ఈ తిట్లేంటి, ఈ కోపమేంటి అనుకుని మూసేశాను. 1965లో మన హైదరాబాద్‌లోనే అర్ధరాత్రి పూట ఆ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారని, రెండోది విజయవాడలో ఒక హోటల్ సర్వర్ చేత, మూడోది విశాఖలో ఒక బిచ్చగత్తె చేత చేయించారని తర్వాత తెలిసింది. అప్పుడు మళ్లీ తెరిచి చదివితే ఆ కోపం ఎవరి మీదో, ఎవరి తరఫునో అర్థమైంది. కవిత అదే, నేను విన్న తీరు మారింది.

కాబట్టి నా మాట ఏంటంటే ఆ రీసెర్చ్ స్కాలర్‌ని వదులుకోకండి. ఆయన తప్పేం లేదు, మీరు "ఏదైనా మాట్లాడండి సార్" అని పిలిచి ఉంటారు, ఆయన మాట్లాడారు. ఈసారి రెండు చదువులూ అయ్యాక, అందరూ ఒక రౌండ్ మాట్లాడాక, పది నిమిషాలు ఇవ్వండి, ఈ కవిత విన్నాక మాకు వచ్చిన ఈ రెండు డౌట్లకే జవాబు చెప్పండి అనండి. చెప్పేశాక మూడోసారి కవిత చదవండి. ఇది మాత్రం మర్చిపోవద్దు, ఆఖర్న వినబడాల్సింది కవితే.

తెలియని పదాలకి ఆంధ్రభారతి సైట్ వాడండి, చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, ఫోన్లోనే అయిపోతుంది. పాత పుస్తకాలు లైబ్రరీలో ఒక్క కాపీయే ఉంటే, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడు దొరుకుతాయి.

చదవడం_నేర్చుకుంటున్నా:

ఆ హాస్టల్ అమ్మాయి గురించి చదివి ఆగలేక రాస్తున్నాను, ఎందుకంటే అది నేనే అనిపించింది. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, అమ్మానాన్నా మాట్లాడేది తెలుగే, నేను కలలు కనేది తెలుగులోనే, కానీ పదో తరగతి వరకు స్కూల్లో తెలుగు లేదు. బస్సు బోర్డు చదవాలన్నా అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఇరవై ఏళ్లు వచ్చాక నలుగురిలో అలా చదవడం ఎంత సిగ్గుగా ఉంటుందో చదవడం వచ్చినవాళ్లకి తెలీదు.

నాకు పనికొచ్చింది చెప్తాను. మా ఆఫీసులో నలుగురం కలిసి కవితలు చదువుకుంటాం. ఒక అక్క రెండు రోజుల ముందే కవిత ఫొటో, దాంతోపాటు తను చదివిన వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో పెడుతుంది. నేను రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ వెళ్తాను. నాలుగైదుసార్లు విన్నాక కళ్లు వాటంతటవే పరిగెడతాయి. అలిశెట్టి ప్రభాకర్ కవితలతో మొదలుపెట్టాం, చాలావరకు నాలుగైదు లైన్లలో అయిపోతాయి, మాటలు మనం రోజూ మాట్లాడేవే, పైగా ఆయన ఈ హైదరాబాద్‌లోనే ఫొటో స్టూడియో పెట్టుకుని బతికి 1993లో ఇక్కడే పోయాడని తెలిశాక నాకు ఇంకా దగ్గరగా అనిపించాయి. పెద్ద కవిత అయితే నేను భయపడి మానేసేదాన్ని.

అలాగే "ఎవరు చదువుతారు?" అని అడిగి చెయ్యెత్తినవాళ్లనే చదవమనండి, వరసగా ఒక్కొక్కరూ చదవాలనే రూల్ పెట్టకండి, ప్లీజ్. వినడానికే వచ్చినవాళ్లు కూడా క్లబ్ మెంబర్లే. ఇంగ్లిష్ అనువాదం పక్కన పెట్టుకుంటే చిన్నతనం అనుకోకండి, బ్రౌన్ దొర వేమన పద్యాల్ని 1829లోనే ఇంగ్లిష్ అనువాదంతో కలిపి అచ్చేశాడు. నేను ఇప్పుడు పత్రికలో కథ ఒకటి పూర్తిగా చదవగలుగుతున్నాను. ఆ అమ్మాయికి చెప్పండి.

మలక్‌పేట్_ముసాఫిర్:

భాయ్, మా నాన్న ముషాయిరాల పిచ్చోడు, అంటే ఉర్దూ కవులు జనం ముందు చదివే సభలు, చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. అక్కడ వినేవాళ్లు ఊరికే కూర్చోరు. షేర్ అంటే రెండు లైన్ల పద్యం, ఒక్కో లైన్‌ని మిస్రా అంటారు. మొదటి మిస్రా కవి చదవగానే జనం దాన్ని అందుకుని తామూ అంటారు. కవి మళ్లీ అదే లైన్ చదువుతాడు. రెండో లైన్ ఏమొస్తుందోనని అందరూ ముందుకి వంగి ఎదురుచూస్తారు, అది పడగానే "వాహ్", ఇంకా నచ్చితే "ముకర్రర్", అంటే మళ్లీ చదవమని. మీ దగ్గర ఎవరూ మాట్లాడట్లేదంటున్నారు కదా, వాళ్లకి అభిప్రాయం లేక కాదేమో, మధ్యలో నోరు తెరవొచ్చని తెలీక. ఎవరైనా ఎప్పుడైనా "ఆ లైన్ మళ్లీ చదవండి" అనొచ్చని ముందే చెప్పేయండి. అదొక్కటి అడగడానికి ధైర్యం అక్కర్లేదు, తెలివి చూపించుకోవాల్సిన అవసరమూ లేదు.

లైబ్రరీలో గట్టిగా చదవడం గురించి స్టాఫ్‌తో పోట్లాడకండి, పక్క హాల్లో పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్లకి ఆ నిశ్శబ్దమే ఆధారం. పుస్తకాలు లోపల తీసుకుని బయట చెట్టు కింద కూర్చోండి. మార్చి దాటితే నాలుగింటికి ఎండ ఉంటుంది, అయిదున్నరకి మార్చుకోండి.

మూడో_అంతస్తు:

అందరికీ థాంక్స్. నిన్న శనివారం చేశాం, అందుకే రాయడం ఆలస్యమైంది. గురువారమే వాయిస్ మెసేజ్ పెట్టాను. తొమ్మిది మంది వచ్చారు. లైబ్రరీ వెనక వేపచెట్టు కింద కూర్చున్నాం.

తాళం వేయడం మొదట్లో కొంచెం బెరుగ్గా ఉండింది, రెండో పాదంలో అయిదు చప్పట్లూ అందరివీ కలిసి పడేసరికి అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఏ మాట దగ్గర ఆగారని అడిగితే ఎక్కువ మంది "చూడ చూడ" అన్నారు. ఒకమ్మాయి మాత్రం "పురుషులందు" దగ్గర ఆగానంది, ఆడవాళ్లు ఎందుకు లేరని అడిగింది. పురుషుడంటే మనిషనే వాడుక కూడా ఉందని ఒకరన్నారు, ఆ వాడుక ఎలా వచ్చిందో కూడా అడగాలి కదా అని తను వదల్లేదు. ఆ మాట ఇంకా తెగలేదు, ఈ రోజు పొద్దున కూడా గ్రూపులో నడుస్తోంది.

నేను ఆగింది కర్పూరం దగ్గర. నా సబ్జెక్టు కాబట్టి తట్టిందేమో, ఉప్పూ కర్పూరం రెండూ ఒక పళ్లెంలో పెట్టి వదిలేస్తే కర్పూరం ద్రవం కాకుండానే మెల్లమెల్లగా ఆవిరైపోతుంది, కొన్నాళ్లకి మాయమవుతుంది. ఉప్పు అక్కడే ఉంటుంది. అది చెప్పగానే మా సీనియర్ ఒకతను "మరి ఇందులో పుణ్య పురుషుడు ఎవరు, ఉప్పా కర్పూరమా?" అన్నాడు. ఇన్నేళ్లూ కర్పూరమే అనుకున్నాం అందరం. పద్యంలో ఎక్కడా ఆ మాట లేదు! వాసన ఇచ్చి కరిగిపోయేదే గొప్పదని కొందరు, రోజూ కూరలో ఉండేదే గొప్పదని కొందరు. ఆరున్నర దాకా అదే.

హాస్టల్ అమ్మాయి చదవలేదు. కానీ రెండుసార్లు "ఆ లైన్ మళ్లీ" అంది.

నల్లకుంట_టీచర్:

చాలా సంతోషమమ్మా. ఒక్క మాట, హారతి కర్పూరం నోట్లో వేసుకునేది కాదు, లడ్డూలో, పరమాన్నంలో వేసేది పచ్చ కర్పూరం. రుచుల జాడ అన్నాడంటే ఆ కర్పూరమే అయ్యుండాలి. మీ సీనియర్ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ముప్ఫై ఏళ్లు ఆ పద్యం చెప్పినా నన్నెవరూ అలా అడగలేదు.

మలక్‌పేట్_ముసాఫిర్:

వచ్చేసారి ఒక ఉర్దూ నజ్మ్ పెట్టుకుంటానంటే నేను వచ్చి చదువుతాను, తెలుగులో అర్థం కూడా రాసుకొస్తాను. బయటివాళ్లని గేటు దగ్గర రానిస్తారా?

మూడో_అంతస్తు:

ఐడీ కార్డు చూపించి రిజిస్టర్‌లో రాస్తే రానిస్తారు అన్నా. రెండు వారాల తర్వాత శనివారం, అయిదున్నరకి. వాయిస్ మెసేజ్ మాత్రం గురువారం లోపు పంపండి.