చిగుళ్ల వైద్యంతో షుగరు తగ్గుతుందా?

నెల్లూరు వాసి, పల్లావరం:
మా అమ్మగారికి 63 ఏళ్లు, 14 ఏళ్లుగా మధుమేహం ఉంది. మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, ఈసారి 8.4 వచ్చింది. షుగరు డాక్టరు గారు మాత్ర పెంచారు గానీ నోరు తెరిచి చూపమనలేదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని పళ్ల డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళితే, పంటి వేళ్ల దాకా నాలుగు విడతల్లో శుభ్రం చేయాలని, దానితో షుగరు కూడా అదుపులోకి వస్తుందని చెప్పారు. ఈ రెండో మాటకు పరిశోధనల్లో ఆధారం ఉందా, లేక ఖర్చుకు ఒప్పించడానికి అన్న మాటా? తెలిసినవారు వివరించగలరు.

గణాంకాల విద్యార్థి, తిరువాన్మియూర్:
ఆధారం అంత గట్టిది కాదండీ. 2013లో ‘జామా’ అనే వైద్య పత్రికలో అచ్చయిన అమెరికా పరిశోధనలో 514 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే చిగుళ్ల వైద్యం చేశారు, రెండో జట్టుకు ఆరు నెలలు ఆపారు. చిగుళ్లు కొంత బాగుపడ్డాయి గానీ హెచ్‌బీఏ1సీలో తేడా రాలేదు; కొనసాగించినా ఫలితం మారదని తోచి మధ్యలోనే నిలిపివేశారు. చిగుళ్ల కోసం వైద్యం తప్పక చేయించండి, దాన్ని షుగరు మందుగా మాత్రం లెక్కవేయకండి.

చిగుళ్ల వైద్యుడు, పెరంబూరు:
ఆ పరిశోధన తప్పని నేను అనను, కానీ అందులో వైద్యం ఎంతవరకు ఫలించిందో కూడా చూడాలి. ఆరు నెలల తరువాత కూడా కొలత కడ్డీ తాకిన చోట్లలో సుమారు 40 శాతం నుంచి రక్తం వస్తూనే ఉంది, పాచి చాలావరకు పళ్లను అంటిపెట్టుకునే ఉంది. వాపు అంతగా మిగిలి ఉన్నప్పుడు రక్తపరీక్షలో మార్పు రాలేదంటే, ఈ వైద్యం పనిచేయదని తేలినట్టా, వైద్యం పూర్తి కాలేదని తేలినట్టా? చిగుళ్ల వాపు ఏళ్ల తరబడి ఉంటే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు కలిగించే పదార్థాలు రక్తంలో పెరిగి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయన్నదే మా వాదానికి మూలం కాబట్టి, వాపు పోకుండా దాన్ని పరీక్షించినట్టు కాదు. 2018లో లండన్ పరిశోధకులు 264 మందిలో ఒక జట్టుకు చిగురు లోపలి దాకా శుభ్రం చేసి, అవసరమైతే శస్త్రచికిత్స కూడా చేసి, మూడు నెలలకోసారి మళ్లీ చూశారు. రెండో జట్టుకు పైపైన గార మాత్రమే తీశారు. ఏడాదికి మొదటి జట్టు హెచ్‌బీఏ1సీ 0.6 తక్కువగా ఉంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2022 సమీక్ష 35 పరిశోధనలను కలిపి చూసి, మూడు నాలుగు నెలలకు 0.43 తగ్గుదల కనిపించిందని చెప్పింది.

గణాంకాల విద్యార్థి, తిరువాన్మియూర్:
పాచి సంగతి మీరు చెప్పింది న్యాయమే, నా మాట కొంత సవరించుకుంటాను. అయినా ఆ సమీక్షలో ఏడాది ఫలితం మీరు చెప్పిన ఆ ఒక్క లండన్ పరిశోధన నుంచే వచ్చింది. పైగా ఇటువంటి వైద్యంలో తాను ఏ జట్టులో ఉన్నదీ రోగికి తెలిసిపోతుంది, తెలిసినవారు తిండిలోనూ జాగ్రత్త పడవచ్చు. తగ్గవచ్చు అనడం వేరు, అదుపులోకి వస్తుంది అనడం వేరు. 8.4 నుంచి 0.4 తీసివేస్తే 8 మిగులుతుంది, అది ఇంకా ఎక్కువే.

చిగుళ్ల వైద్యుడు, పెరంబూరు:
ఒప్పుకుంటాను. అదుపులోకి వస్తుందని నా రోగులకు నేనూ చెప్పను.

నెల్లూరు వాసి, పల్లావరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మ పక్కనే నిలబడ్డాను. డాక్టరు గారు గీతలున్న సన్నని కడ్డీని ఒక్కో పంటి చుట్టూ చిగురు లోపలికి దింపి, చిగురు పంటిని ఎంత లోతున వదిలిందో మిల్లీమీటర్లలో, తమిళంలో చెబుతుంటే సహాయకురాలు రాసుకుంది: మూణు, మూణు, ఆరు, అంజు, ఆరు. అమ్మకు తమిళం అంతంతమాత్రమే, కానీ ఆరు రెండు భాషల్లోనూ ఆరే కాబట్టి, అది వినబడ్డప్పుడల్లా నా చేయి గట్టిగా పట్టుకుంది. షుగరు మాట పక్కన పెట్టినా ఆ పళ్లు నిలవాలంటే వైద్యం చేయించాల్సిందేనని అక్కడే నిశ్చయించుకున్నాను. మూడు నెలల తరువాత వచ్చే హెచ్‌బీఏ1సీని ఇక్కడ రాస్తాను. అయితే మాత్ర కూడా ఇప్పుడే పెరిగింది కాబట్టి, తగ్గినా అందులో చిగుళ్ల వాటా ఎంతో ఆ ఒక్క అంకె చెప్పలేదు.