‘లిటిల్’ రాయాలా, ‘ఎ లిటిల్’ రాయాలా? కవర్ లెటర్ సందేహం

ప్రశ్న: అందరికీ నమస్తే. ఉద్యోగ దరఖాస్తుతో పంపే కవర్ లెటర్‌లో ‘ఐ హ్యావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ టెస్టింగ్’ అని రాశాను, మా రూమ్మేటేమో ‘ఎ లిటిల్’ అని ఉండాలంటున్నాడు. ఆ ఒక్క ‘ఎ’తో ఏం మారుతుందండీ? చివర్లో ‘ఐ విల్ బి టూ హ్యాపీ టు జాయిన్’ అనొచ్చా? రేపే పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ రూమ్మేట్ చెప్పిందే రైటు. ‘ఎ’ లేకపోతే అనుభవం దాదాపు లేనట్టే లెక్క, ఉద్యోగం అడుగుతూ ఆ మాట మనమే రాసిస్తే ఎలా! ‘ఫ్యూ’ కూడా అంతే, కాకపోతే అది లెక్కపెట్టగలిగే వాటికి. ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే జనం పెద్దగా రాలేదని, ‘ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే కొందరైనా వచ్చారని. మళ్లీ ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే బాగానే వచ్చారని అర్థం, ఇంగ్లిష్ వాళ్లతో ఇదే గొడవ. అయినా మీ లెటర్‌లో ‘ఎ లిటిల్’ కూడా వద్దు, నీరసంగా ఉంటుంది. ‘సమ్’ అనండి, లేదా ఎన్ని నెలలు చేశారో అదే రాసేయండి.

ఇంకొకరు: ‘టూ’ అసలు పెట్టకు తమ్ముడూ. ‘టూ హాట్ టు డ్రింక్’ అంటే తాగలేనంత వేడి కదా, అలాగే నీ వాక్యం చేరలేనంత ఆనందంగా ఉందన్నట్టు తయారవుతుంది. మనవాళ్లు సినిమా చూసొచ్చి ‘టూ గుడ్’ అంటారు, ఫ్రెండ్స్ మధ్య ఓకే, లెటర్‌లో కాదు. ‘ఓన్లీ టూ హ్యాపీ టు’ అనే వాడుక ఒకటుంది, అది తప్పు కాదు, కానీ ‘వెరీ హ్యాపీ’ అంటే సరిపోతుంది. ‘వెరీ మచ్ హ్యాపీ’ మాత్రం రాయకు. ‘వెరీ మచ్ ఇంట్రెస్టెడ్’ పర్వాలేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. ‘మై ఇంగ్లిష్ ఈజ్ వెరీ బెటర్ నౌ, క్వైట్ గుడ్’ అని కూడా ఉంది, ఉంచనా? కంపెనీ అమెరికాది.

మొదట జవాబిచ్చినవారు: ‘వెరీ బెటర్’ తప్పండీ, ‘మచ్ బెటర్’ అనాలి. ‘వెరీ ఎక్సలెంట్’ కూడా అనరు, ‘అబ్సల్యూట్లీ’ పెడతారు. ‘క్వైట్ గుడ్’ అంటే అమెరికా వాళ్లకు చాలా బాగున్నట్టు, బ్రిటన్‌లో చాలాసార్లు పర్వాలేదన్నట్టు. నన్నడిగితే ఆ లైనే తీసేయండి, లెటర్ చదివితే మీ ఇంగ్లిష్ ఎలా ఉందో వాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: తీసేశా. ‘ఐ హ్యావ్ ఎయిట్ మంత్స్ ఎక్స్‌పీరియన్స్’ అని మార్చా, ఓకేనా?

మొదట జవాబిచ్చినవారు: ‘మంత్స్’ తర్వాత ‘ఆఫ్’ పెట్టి పంపేయండి.